సొట్ట మీద చెయ్యి

పాత కారు ఇచ్చి మరొకటి తీసుకుపోదామని వచ్చినవాళ్ళ విషయంలో లౌరి పెల్కొనెన్ ముప్పయ్యొక్క సంవత్సరాలపాటు ఒకే పని చేశాడు. మాట్లాడకుండా ఆ కారు చుట్టూ ఒక్కసారి తిరిగేవాడు. బానెట్ దగ్గర మొదలుపెట్టి కుడిపక్కగా వెనక్కి, అక్కడినుంచి ఎడమపక్కగా మళ్ళీ ముందుకి. సొట్ట కనిపించిన చోట ఆగి దానిమీద అరచెయ్యి ఆనించేవాడు. తుప్పు కనిపించిన చోట బొటనవేలితో ఒత్తి చూసేవాడు. అద్దంలో నెర్రె ఉంటే దాని వెంట చూపుడువేలు పోనిచ్చేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాడు. కారు యజమాని పక్కనే నడవాలి. నియమం అదొక్కటే.

రెండో సొట్ట దగ్గర యజమాని గొంతు సవరించుకునేవాడు. మూడోదాని దగ్గర, "అది నేను చేసింది కాదండీ, మా బావమరిది తీసుకెళ్ళినప్పుడు..." అని మొదలుపెట్టేవాడు. చుట్టు పూర్తయ్యేలోగా, ఇంటిదగ్గర మనసులో గట్టిగా అనుకుని వచ్చిన ధరను తనంతట తానే కిందికి దించుకునేవాడు.

ఈ పద్ధతిని అతనికి నేర్పినవాడు, అతడు పనిచేసిన కార్ల డీలర్‌షిప్ పెట్టిన ముసలి బూషార్. "అబద్ధమాడొద్దు, బేరమాడొద్దు. ముట్టుకో, ఊరుకో. మొదటి వాక్యం విని కూడా ఊరుకో. అసలు సంగతి ఎప్పుడూ రెండో వాక్యంలో వస్తుంది" అన్నాడు. అన్నవాడికి అదొక వ్యాపార సూత్రం మాత్రమే. దాని లోతు అతనికి తెలుసునని నేననుకోను. ఎదుటివాడు నిందిస్తే మనిషికి ఎదురుతిరగడానికి ఒక గోడ దొరుకుతుంది. ఎదుటివాడు ఊరుకుంటే ఆ గోడ కూడా ఉండదు. అప్పుడు తన మీద తనే ఫిర్యాదు రాసుకుని, తనే విచారించి, తనే శిక్ష వేసుకుంటాడు.

లౌరి ఆ పనికి అతికినట్టు సరిపోయాడు. రాగి గనులు మూతపడ్డాక సరస్సు ఒడ్డున మిగిలిపోయిన ఆ ఊళ్ళలో, ఫిన్‌లాండ్ నుంచి వచ్చిన కుటుంబాల ఇళ్ళలో, మాట్లాడకపోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అన్నదమ్ములిద్దరు ఎదురెదురుగా కూర్చుని గంటసేపు కాఫీ తాగి, ఒక్క ముక్కా అనుకోకుండా లేచిపోతే, ఆ పూట బాగానే గడిచిందని అర్థం. అటువంటి ఇంట్లో పుట్టినవాడికి మౌనం కోసం ప్రయాస పడవలసిన అవసరం లేదు. పుట్టుకతో వచ్చిన గుణానికి జీతం దొరికింది, అంతే. ఆ జీతానికి బదులుగా అతడు ఊరి పాస్టరుకు కూడా తెలియని సంగతులు విన్నాడు. ఎవరు తాగి గేటుకు గుద్దారో, ఎవరి పెళ్ళాం ఏ డిసెంబరులో సామాను కారులో వేసుకుని వెళ్ళిపోయిందో, అన్నీ విన్నాడు. ఎక్కడా నోరు జారలేదు. దీన్ని నేర్పు అనవచ్చు. మంచితనం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇప్పుడతనికి డెబ్బయ్యొక్కటి. ఉద్యోగం మానేసి ఐదేళ్ళయింది.

ఊరికి నాలుగు మైళ్ళ అవతల, తండ్రి కట్టిన ఇంట్లో లౌరి, అతని అన్న ఆర్వో కలిసి బతికారు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఆ ప్రాంతంలో అటువంటి ఇల్లు ప్రతి రోడ్డుమీదా ఒకటుంటుంది, ఎవరూ కారణం అడగరు. ఆర్వో ఐదేళ్ళు పెద్ద. ముప్పయ్యినాలుగు శీతాకాలాలు కౌంటీ తరఫున రోడ్లమీద మంచు తీసే బండి నడిపాడు. రోడ్డెక్కడో పొలమెక్కడో తెలియని రోజుల్లో కూడా అతడు అంచు తప్పకుండా పోయేవాడు. ఇంట్లో కూర్చుని, దూరంగా వెళ్తున్న బండి చప్పుడు విని, అది ఏ బండో, ఏ మలుపులో ఉందో, నడిపేవాడు కొత్తవాడో పాతవాడో చెప్పేవాడు.

పందొమ్మిదేళ్ళ కిందట ఇద్దరూ కలిసి ముదురాకుపచ్చ రంగు కారొకటి కొన్నారు. పొడవాటిది, వెనక సామాను వేసుకోవడానికి చోటున్నది. వారం రోజులూ లౌరి పనికి వేసుకెళ్ళేవాడు. శనివారం మాత్రం ఆర్వోది. సరుకుల దుకాణానికి వెళ్ళి, పాలు, కాఫీపొడి, ఏలకుల రొట్టె తెచ్చేవాడు. తిరిగొచ్చాక ఇద్దరూ ఆవిరిస్నానం చేసి, రొట్టె కాఫీలో ముంచుకుని తినేవారు. వాళ్ళ వారానికి అదే పండుగ.

ఆర్వో ఇప్పుడు అరవై మైళ్ళ దూరంలో, సంరక్షణాలయంలో ఉన్నాడు. మూడేళ్ళయింది. మతిమరుపు మొదట రోడ్లను తీసుకుపోయింది, తరువాత పేర్లను, ఆ తరువాత ముఖాలను. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు అతడు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంటాడు. ఆకుపచ్చ కారు గేటు తిరగగానే లేచి నిలబడతాడు. "మా తమ్ముడొచ్చాడు" అని గదిలో అందరికీ చెబుతాడు. లౌరి బూట్ల మంచు దులుపుకుని లోపలికి వెళ్ళేసరికి ఆ ఎరుక ఇంకా వెచ్చగానే ఉంటుంది. "ఏరా లౌరీ, రోడ్డెలా ఉంది?" అంటాడు. ఒక పావుగంట అన్న అన్నగా ఉంటాడు. పావుగంట తరువాత చూపు మసకబారుతుంది, "మీరు" అనడం మొదలుపెడతాడు. కారు కనిపించకుండా లౌరి వెనక తలుపు నుంచి వచ్చిన ఒక ఆదివారం ఆ పావుగంట కూడా దక్కలేదు. అంటే ఆర్వో గుర్తుపడుతున్నది తమ్ముణ్ణి కాదు, కారుని. కారు వెలుతురు తమ్ముడి ముఖం మీద కాసేపు పడుతోంది.

అక్టోబరు చివర మెకానిక్కు ఆ కారును లిఫ్ట్ మీద ఎత్తాడు. పందొమ్మిది శీతాకాలాల రోడ్డు ఉప్పు కింద ఏం చేసిందో చూపించడానికి చాసీకి స్క్రూడ్రైవర్ ఆనించి కొంచెం నొక్కాడు. తడిసిన అట్టలో దిగినట్టు పిడిదాకా దిగింది.

"బ్రేకు గొట్టం కూడా ఇంతే. ఇది మంచులో రోడ్డెక్కితే నిన్నైనా చంపుతుంది, ఎదురొచ్చేవాణ్ణయినా చంపుతుంది. నేను దీన్ని ముట్టుకోను లౌరీ" అన్నాడు.

లౌరి మూడు రోజులు ఆలోచించాడు. కారు మార్చకపోతే ఏప్రిల్ దాకా అన్నను చూడటం ఉండదు. మారిస్తే, తను వెళ్ళి అన్నను చూస్తాడు గాని, అన్న తనను చూడటం ఉండదు. నాలుగో రోజున, నవంబరు మొదటి గురువారం, కారు జాగ్రత్తగా ఊరి వేగంతో నడుపుకుంటూ డీలర్‌షిప్‌కి వెళ్ళాడు.

"రండి మేష్టారూ!" అంటూ ఎదురొచ్చాడు డెనిస్ ట్రెవారో. నలభయ్యైదేళ్ళవాడు, గనుల్లోకి వచ్చిన ఇంగ్లీషువాళ్ళ మనవడు, నోరు ఒక్క క్షణం ఊరుకోని మనిషి. లౌరి కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్నది అతడే. ఆ పని అతనికి లౌరే నేర్పాడు. "ఈ గేటులోంచి కస్టమరుగా రావడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మీకు నేను చెప్పాలా?"

"కాఫీ ఉందా?"

"ఉంది. మీరు రిటైరైన రోజు కాచిందే."

లౌరి కాఫీ కప్పు పట్టుకుని బయటి వరసలకేసి చూశాడు. ఆకాశం ఏ రంగులో ఉందో కార్లన్నీ ఆ రంగులోనే ఉన్నాయి.

"ఆకుపచ్చది ఏదైనా ఉందా?"

డెనిస్ నవ్వాడు. "ఇక్కడ మూడే రంగులు మేష్టారూ. తెలుపు, నలుపు, ఆ రెంటికీ పుట్టిన బూడిద. ఆకుపచ్చ ఎవరూ చెయ్యట్లేదు, ఎవరూ కొనట్లేదు. ఇన్నేళ్ళలో మీరు ఒక రంగు గురించి మాట్లాడటం ఇదే మొదటిసారి వినడం. ఒంట్లో బాగానే ఉందా?"

"రంగు వేయిస్తే?"

"వేయిస్తా. కానీ ఎందుకు? ఇప్పటి కార్ల ఆకారమే వేరు. ఎత్తుగా, ముక్కు పొట్టిగా. రంగు మారిస్తే పంది గుర్రమవుతుందా?"

అది నిజమేనని లౌరికి తెలుసు. దూరపు ఇంజను చప్పుడు విని డ్రైవరు పేరు చెప్పినవాణ్ణి డబ్బా రంగుతో మోసం చేయడం కుదరని పని. పైగా అది మోసమే అవుతుంది. అన్నకు అంతవరకూ అబద్ధం చెప్పలేదు. నిజానికి అన్నకు అంతవరకూ పెద్దగా ఏమీ చెప్పలేదు.

మంచులో జారకుండా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బూడిదరంగు కారొకటి చూపించాడు డెనిస్. రెండేళ్ళ పాతది, టైర్లు మంచివి. లౌరి దాని చుట్టూ తిరిగాడు, పట్టదగ్గ వంక కనిపించలేదు. తల ఊపాడు.

"సరే, ఇప్పుడు మీదాని సంగతి" అన్నాడు డెనిస్, ఆకుపచ్చ కారు ముందు నిలబడి. "పద్ధతి ప్రకారం చెయ్యమంటారా, మర్యాదకి కళ్ళు మూసుకుని ఒక అంకె వేసెయ్యమంటారా?"

"పద్ధతి ప్రకారమే చెయ్యి. అరకొరగా చేస్తే ఊరుకోను."

"మీరు మాట్లాడకూడదు మరి."

"నేనా?" అన్నాడు లౌరి. మాట్లాడటానికి తనలో ఏముందని?

డెనిస్ నోరు మూశాడు. అంత వాగే మనిషి ముఖం ఒక్కసారిగా తలుపు వేసుకున్న ఇల్లులా అయిపోయింది. లౌరి లోలోపల మెచ్చుకున్నాడు. అతని మెప్పు ఎప్పుడూ అంతవరకే, బయటికి వచ్చేది కాదు.

బానెట్ మీద జింక గుద్దిన సొట్ట. డెనిస్ అరచెయ్యి ఆనించాడు. రెండు క్షణాలు ముందే తీసేస్తున్నాడు, ఇంకాస్త ఉంచాలి అనుకున్నాడు లౌరి. ముందటద్దంలో నెర్రె. వేలు దాని వెంట కదిలింది. కుడి తలుపు కింద తుప్పు. బొటనవేలు నొక్కితే పెచ్చు రాలింది. వెనక బంపర్. డిక్కీ మూత. లౌరి మాట్లాడలేదు. జెండాకొయ్యకు తాడు తగిలి టకటకమంటోంది. మంచు పొడి ఒకటీ అరా గాల్లో తిరుగుతోంది, కిందపడే ఉద్దేశం లేనట్టు.

ఎడమవైపు వెనుక తలుపు దగ్గర డెనిస్ ఆగాడు. మోకాలి ఎత్తులో లోతైన సొట్ట. గుండ్రని స్తంభమేదో నొక్కినట్టు నిలువుగా ఉంది, అంచుల వెంట తుప్పు గీత కట్టింది. అతడు వంగి దానిమీద చెయ్యి పెట్టాడు. ఈసారి తీయలేదు.

లౌరి ఆ చెయ్యికేసి చూశాడు. అది తన చెయ్యిలాగే ఉంది. వేళ్ళు కాస్త విడదీసి, బరువు వేయకుండా, జ్వరం చూసేవాడు నుదుటిమీద పెట్టినట్టు. ముప్పయ్యొక్క ఏళ్ళూ ఆ చేతికి యజమాని తనే కాబట్టి, అది అవతలినుంచి ఎలా కనిపిస్తుందో అతనికి ఏనాడూ తెలియలేదు. ఇప్పుడు కనిపించింది. అందులో ప్రశ్న లేదు. క్షమ కూడా లేదు. అది ఎంతసేపైనా ఆగగలదు.

"అది మా అన్నయ్య చేసింది" అన్నాడు లౌరి.

డెనిస్ పలకలేదు. మొదటి వాక్యం విని ఊరుకోమని అతనికి చెప్పినవాడు లౌరే.

"ఎనిమిదేళ్ళయింది. ఏప్రిల్‌లో. శనివారం దుకాణానికని వెళ్ళి నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చాడు. పాలు తేలేదు, రొట్టె తేలేదు. నేను వాకిట్లో కట్టెలు కొడుతున్నా. దిగి, లోపలికి పోకుండా కారు పక్కనే నిలబడ్డాడు. నేను గొడ్డలి పక్కన పెట్టి..." లౌరి ఆగాడు. "కారు చుట్టూ తిరిగాను డెనిస్. ఇలాగే. బానెట్ దగ్గర మొదలుపెట్టి. ఇక్కడికొచ్చి, దీనిమీద చెయ్యి పెట్టి, నిలబడ్డా. అన్నయ్యే చెప్తాడులే అనుకున్నా."

"చెప్పలేదా?" డెనిస్ నియమం తప్పాడు.

"ఈ పద్ధతికి చెప్పనివాడు అన్నయ్యొక్కడే. లోపలికెళ్ళి బూట్లు విప్పుకున్నాడు. నేనూ అడగలేదు. ఆ రోజు అడగలేదు, మర్నాడు అడగలేదు. మూడేళ్ళ తర్వాత డాక్టరు, మొదటిసారి ఎప్పుడు దారి తప్పాడు అని అడిగాడు. తెలీదన్నా. బహుశా ఆ రోజే. నాకు ఇప్పటికీ తెలీదు."

డెనిస్ చెయ్యి తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఎటు చూడాలో తెలియక కాసేపు జెండాకేసి చూశాడు.

"ఈ తలుపుకి నేనేం తగ్గించను మేష్టారూ."

"తగ్గించు. సొట్ట సొట్టే."

డెనిస్ ఒక కార్డు మీద అంకె రాసి బోర్లించి ఇచ్చాడు. లౌరి తిప్పి చూశాడు. తనైతే అంత వేసి ఉండడు. "నీకింకా ఈ పని పూర్తిగా రాలేదు" అన్నాడు. కోపంగా మాత్రం అనలేదు.

కాగితాల మీద సంతకాలయ్యాక ఇద్దరూ కలిసి కారు ఖాళీ చేశారు. వెనక సీటు కింద ఆర్వో తోలు చేతితొడుగు ఒకటి దొరికింది, జత లేదు. పిప్పరమెంటు బిళ్ళల పొట్లం. మంచు గీకే బద్ద. గ్లవ్ బాక్సులో కారుతోపాటు వచ్చిన పుస్తకం ఉంది. కార్ల సంగతి తెలిసినవాడు తన జన్మలో తెరవని పుస్తకం అదొక్కటే. డెనిస్ అలవాటు ప్రకారం దాని పేజీలు దులిపాడు. మడిచిన కాగితం ఒకటి కింద పడింది.

రొట్టె పొట్లం చించిన ముక్క అది. మీద పెన్సిలుతో, పెద్ద అక్షరాల్లో, చెరగకుండా రెండుసార్లు దిద్ది రాసి ఉంది.

"దుకాణం. ఎడమ. చర్చి. తిన్నగా. వంతెన. వంతెన దాటాక కుడి. ఎర్ర పోస్టు డబ్బా. ఇల్లు."

ఎర్ర పోస్టు డబ్బా వాళ్ళదే. ముప్పయ్యినాలుగు శీతాకాలాలు మంచు కింద ఆ రోడ్డును వెతికి పట్టుకున్న మనిషి చేతిరాత అది. ఎప్పుడు రాసుకున్నాడో తారీఖు లేదు. తమ్ముడు ఎన్నటికీ చూడని చోటేదో ఆలోచించి మరీ అక్కడ దాచుకున్నాడు. ఎన్ని శనివారాలు దారిపక్కన బండి ఆపి, ఈ కాగితం చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టి, ఏమీ జరగనట్టు పాలు పట్టుకుని ఇంటికి వచ్చాడో! ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ రొట్టె ముంచుకు తింటున్నప్పుడు, ఒకడు అడగకుండా ఉన్నాడు, ఒకడు చెప్పకుండా ఉన్నాడు. ఆ రెంటినీ కలిపి తను ఇన్నేళ్ళూ ప్రశాంతత అనుకున్నాడు.

"ఏంటది?" అన్నాడు డెనిస్.

"దారి" అన్నాడు లౌరి. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాష్ట్రంలో నంబరు ప్లేటు కారుతో పోదు, మనిషితో ఉంటుంది. లౌరి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, ఆకుపచ్చ కారు ప్లేటు తనే విప్పి, మంచునీళ్ళతో తుడిచి, బూడిద కారుకు తనే బిగించాడు. రెండు స్క్రూలు చాలు. అతడు నాలుగూ బిగించాడు. తరువాత పాత కారు తాళాలు డెనిస్ చేతిలో పెట్టాడు.

"దీన్నేం చేస్తారు?"

"మీకు తెలియనిదేముంది మేష్టారూ."

తెలుసు. శనివారం లారీ వస్తుంది. తుక్కుకి పోతుంది. ఆ ప్రశ్న అడిగిన ప్రతి కస్టమరుకూ తను ఏం చెప్పాడో కూడా జ్ఞాపకముంది. ఏమీ చెప్పలేదు.

ఆదివారం మంచు నిలకడగా పడింది. కొత్త కారు ఏ మలుపులోనూ జారలేదు, ఏ చప్పుడూ చేయలేదు. సీటు కూడా వెచ్చగా ఉంది. అందులో అతనికి ఏ సంతోషమూ కలగలేదు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు గేటు తిరిగాడు. కావాలని మెల్లగా, కిటికీ ముందునుంచి పోనిచ్చి, వెనక ప్లేటు కిటికీ వైపు ఉండేటట్టు ఆపాడు. అద్దం వెనక ఆర్వో కూర్చుని ఉన్నాడు. అతని చూపు బూడిద కారు మీదికి వచ్చింది, దాన్ని దాటి రోడ్డుమీదికి పోయింది. అతడు లేవలేదు.

లోపల డార్లీన్ ఎదురొచ్చింది. ఆ గదుల పని చూసే ఆవిడ, ఆదివారం డ్యూటీ ఆవిడదే. "కారేది? మీ అన్నయ్య పొద్దుట్నుంచీ కిటికీ వదల్లేదు. కాఫీ కూడా ముట్టలేదు, తమ్ముడొచ్చాక తాగుతాడట."

"మార్చాను" అన్నాడు లౌరి.

ఆవిడ చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. "అయ్యో" అంది. ఆర్వో గుర్తుపట్టేది దేన్నో ఆవిడకు కూడా తెలుసు.

లౌరి కుర్చీ లాక్కుని అన్న పక్కన కూర్చున్నాడు.

"నేనే అన్నయ్యా. లౌరిని."

ఆర్వో మర్యాదగా నవ్వాడు. "మా తమ్ముడి పేరూ అదేనండీ. వచ్చే వేళయింది వాడు. ఆకుపచ్చ కారు."

"కారు మార్చాను. అదిగో, ఆ బూడిద రంగుది. నంబరు చూడు, మన నంబరే."

ఆర్వో కళ్ళు చికిలించి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ప్లేటుదేముందండీ" అన్నాడు ఆర్వో చివరికి. "ఎవరైనా బిగించుకోవచ్చు."

లౌరికి ఇక చెప్పడానికేమీ తోచలేదు. ఊరుకున్నాడు. అందులో యుక్తి ఏమీ లేదు. మాట అయిపోయిన మనిషి మౌనం అది. బయట మంచు పడుతోంది. వరండాలో ఎవరిదో చేతికర్ర టక్కుటక్కుమంటూ పోయింది. ఆర్వో కాళ్ళు కదిపాడు, గొంతు సవరించుకున్నాడు.

"మంచివాడేనండీ మా తమ్ముడు" అన్నాడు. "తప్పు చెప్పకూడదు. వారం తప్పకుండా వస్తాడు." కాసేపాగాడు. "ఆ కారు తలుపుకి సొట్ట ఉంది, చూశారా? నేను పెట్టిందే."

లౌరికి బూషార్ చెప్పింది గుర్తొచ్చింది. ఇది మొదటి వాక్యం. ఊరుకోవాలి. ఊరుకుంటే రెండోది వస్తుంది. అతని ఒళ్ళంతా ఆ అలవాటుకే మొగ్గింది, నాలుక అంగిటికి అంటుకుపోయింది. దాన్ని ఊడబెరకడానికి అతనికి ఎంతసేపు పట్టిందో, ఆర్వోకు మాత్రం తెలిసి ఉండదు.

"ఏమైంది ఆ రోజు?" అన్నాడు.

ఆర్వో అతనికేసి తిరిగాడు. ఆ ప్రశ్న కోసం చాలాకాలంగా సిద్ధంగా ఉన్నవాడిలా తిరిగాడు.

"వంతెన దాటానండీ. దాటాక ఎటు వెళ్ళాలో తెలీలేదు. నవ్వకండి. ఆ రోడ్డు నేనే తీసేవాణ్ణి, ఏళ్ళ తరబడి. చెట్లన్నీ తెలిసినవాళ్ళలాగే నిలబడ్డాయి, ఒక్కదాని పేరూ గుర్తురాలేదు. ఎదురుగా లారీ వచ్చింది. కంగారుపడి వెనక్కి తిప్పబోతే దారి పక్క స్తంభానికి తగిలింది. అక్కడే కూర్చుండిపోయా. ఉత్తరాలు పంచే ఆవిడ అటుగా వచ్చి, నా వెనకే రండి అని ఇంటిదాకా తీసుకొచ్చింది. ఎవరికీ చెప్పకమ్మా అన్నా. చెప్పలేదు పాపం."

"తర్వాత?"

"మా వాడు వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. చెబుదామనే నిలబడ్డానండీ. భయంగా ఉందిరా అని చెబుదామనే. వాడు కారు చుట్టూ తిరిగాడు. డీలర్‌షిప్‌లో వాడి పని అదే లెండి, ఊరివాళ్ళ కార్ల చుట్టూ తిరగడం. నన్నొదిలి దాన్ని చూశాడు. సొట్టమీద చెయ్యి పెట్టి, చూస్తూ నిలబడ్డాడు. ఏమైందన్నయ్యా అని ఒక్క ముక్క అడిగుంటే..." ఆర్వో చెయ్యి గాలిలో ఊపాడు. ఏదో ఎగిరిపోయినట్టు.

"అడిగుంటే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి. ఎందుకు చెప్పను? మీరడిగారు, చెప్పలేదూ?" ఆర్వో అతని ముఖంలోకి తేరిపార చూశాడు. ఆ చూపులో ఎక్కడైనా, ఏ మూలనైనా, తను ఉన్నాడేమోనని లౌరి వెతికాడు. లేడు. "మీరు మంచివారండీ. అడుగుతారు."

లౌరి జేబులో మడిచిన కాగితం ఉంది. దాన్ని తీసి చూపిద్దామని చెయ్యి పెట్టి, మళ్ళీ మానుకున్నాడు. దాచుకున్నవాడికి దాన్ని బయటపెట్టి చూపడం ఇంకొక రకం విచారణ. విచారించే పని తనకిక ముగిసింది. నిజం తెలిసింది. తెలిసినందువల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క శనివారమూ తిరిగి రాదు. క్షమించమని అడగవలసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. అడిగితే అతడు సంతోషంగా క్షమిస్తాడు కూడా, వేరెవరినో అనుకుని.

డార్లీన్ రెండు కప్పుల్లో వేడి కాఫీ తెచ్చిపెట్టింది. ఆర్వో తన కప్పుకేసి చూసి, పక్కకు జరిపాడు. "వాడొచ్చాక" అన్నాడు. కిటికీ వైపు తిరిగాడు. బయట బూడిద కారు మీద మంచు బెత్తెడు మందం పట్టింది. నంబరు కప్పుకుపోయింది, ఇప్పుడు అది ఏ కారో ఎవరూ చెప్పలేరు.

"మీరొక సాయం చెయ్యాలి" అన్నాడు ఆర్వో, గొంతు తగ్గించి. "మావాడొస్తే ఈ సంగతి చెప్పకండి. బాధపడతాడు."

"చెప్పను" అన్నాడు లౌరి.

"వాడు ఇవాళ రాడేమో. రోడ్లు బాగా లేవు." ఆర్వో కళ్ళు రోడ్డుమీదే ఉన్నాయి. "మీకు వీలైతే వచ్చే ఆదివారం కూడా రండి. ఒక్కణ్ణే కూర్చుంటే పొద్దు పోదు."

"వస్తాను" అన్నాడు లౌరి. పెదవులు తడుపుకుని, ఇంకా రాని ఆ తమ్ముడి గురించి అన్నను మరొక ప్రశ్న అడిగాడు.